ఏడంగుళాల నీళ్ళు

జనవరి 11
వదిన రెండు నోటుబుక్కులు కొంది. ఒకటి తన చదువుకి. రెండోది నా ఒళ్ళో పడేసి, "ఇంట్లో ఎలాగూ నోరు విప్పవు, కాగితం మీదైనా విప్పు. నేను చదవను, భయపడకు" అంది.
ఆయన పడవ మీద ఉన్నారు. పిల్లవాడు నిద్రపోయాడు. ఏం రాయాలో తోచక ఇదే రాశాను.

జనవరి 14
వదిన గురించి రాస్తాను. ఆవిడ పేరు థామ్. ఆయనకి అక్క. నలభై మూడేళ్ళు. రేవులో ఇరవై రెండేళ్ళుగా ఆల్చిప్పలు ఒలుస్తోంది. తమ్ముణ్ణి పెంచి, చదివించి, పడవ కొనిచ్చి, నన్ను మా దేశపు దక్షిణ కొస కామావ్ నుంచి కోడలిగా తెచ్చుకునేసరికి తన పెళ్ళి వయసు దాటిపోయింది. ఆ మాట ఎవరైనా అంటే, "దాటిపోలేదు, నేనే పక్కకి జరిగి దారిచ్చాను" అంటుంది.
ఇప్పుడు ఆవిడకి అడ్జస్టర్ లైసెన్సు కావాలి. తుఫాను వచ్చి ఇల్లు పాడయితే బీమా కంపెనీ తరఫున వచ్చి, ఏది ఎంత పాడయిందో చూసి రాసే పని. టెక్సాస్ ప్రభుత్వం పరీక్ష పెట్టి ఇచ్చే లైసెన్సు.
నాలుగేళ్ళ కిందటి తుఫానుకి మా వీధికి ఒకాయన వచ్చాడట. ఇంటికి పదకొండు నిమిషాలు. ఎవరు ఏం చెప్పినా భాష అర్థంకాక తల ఊపాడట. వదిన రబ్బరు బూట్లతోనే రేవు నుంచి పరుగెత్తుకొచ్చి తొమ్మిది ఇళ్ళకి మాట సాయం చేసింది. పోతూ పోతూ ఆయన, "నువ్వే లైసెన్సు తెచ్చుకోవచ్చుగా" అన్నాడట. నవ్వుతూ అన్నాడేమో. వదిన మాత్రం దాన్ని మనసులో దాచుకుంది.

జనవరి 30
నలభై గంటల పాఠాలు. వంటగదిలో కంప్యూటరు పెట్టుకుని చెవుల్లో తీగలు పెట్టుకుని వింటోంది. అన్నం మాడింది. నా తప్పే.

ఫిబ్రవరి 8
చీటీల పని నాది. ఒక వైపు ప్రశ్న, రెండో వైపు జవాబు. నేను ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివితే వదిన కళ్ళు మూసుకుని జవాబు చెబుతుంది. నా ఆరో తరగతి ఇంగ్లీషుకి ఆవిడ నవ్వదు. ఒకసారి మాత్రం, "నువ్వు చదివేది పరీక్ష కాదు, ఏదో మంత్రం" అంది.
ఈ రోజు మన భాషలో అడిగింది.
"గాలికి కప్పు ఎగిరిపోయి, ఆ కంతలోంచి వాన పడి గోడ తడిసింది. ఎవరి తప్పు?"
"వానది."
"కాదు. గాలిది. గాలివాన బీమా ఇస్తుంది. సరే, సముద్రం నేల మీదుగా వచ్చి అదే గోడని తడిపింది. ఎవరిది?"
"సముద్రానిది."
"అది వరద. దానికి వేరే బీమా ఉండాలి. లేకపోతే పైసా రాదు. ఒకే గోడ, ఒకే తడి. పైనుంచి వచ్చిందా, కిందనుంచి వచ్చిందా? అదే ఈ ఉద్యోగం మొత్తం."
మా వీధిలో వరద బీమా ఎవరికీ లేదనుకుంటాను. మాకూ లేదు.

మార్చి 19
అరవై ఆరు. డెబ్బై రావాలి.
వదిన వచ్చి, రెండు గుడ్లు వేయించుకుని, రెండు గిన్నెల అన్నం తిని, పుస్తకం మళ్ళీ మొదటి పేజీ తీసింది.

ఏప్రిల్ 23
అరవై తొమ్మిది.
ఒక్క మార్కు. నాకే ఏడుపొచ్చింది. వదిన, "ఇప్పుడేడిస్తే డెబ్బై అవుతుందా? కన్నీళ్ళు దాచుకో, చేప మీద ఉప్పు తక్కువైంది" అంది. ఆయన పడవ నుంచి ఫోను చేసి, "అక్కా, వదిలెయ్యరాదూ, ఇంక ఈ వయసులో" అన్నారు. వదిన ఫోను పెట్టేసింది. ఆయన మళ్ళీ చేస్తే నన్ను ఎత్తనివ్వలేదు.

మే 28
ఎనభై ఒకటి.

జూన్ 4
వేలిముద్రలు ఇవ్వాలి. ఆ ముద్రలతో ప్రభుత్వం మనిషి మంచిదా చెడ్డదా చూస్తుందట. వదిన పట్నం వెళ్ళి గాజు పలక మీద పది వేళ్ళూ పెట్టింది. ముద్ర పడలేదట. మళ్ళీ పెట్టింది. పడలేదు. అక్కడి అమ్మాయి తడిగుడ్డతో తుడిచి, నొక్కి, ఏదో ఒకటి పడేదాకా తిప్పలు పడి పంపించిందట.
ఇరవై రెండేళ్ళు ఆల్చిప్పలు పట్టుకుని ఒలిచిన చేతులు. దీపం కింద పెట్టి చూశాను. నున్నగా ఉన్నాయి, గులకరాళ్ళలా. గీత అన్నదే లేదు.

జూన్ 17
నిన్న ముద్రలు తిరిగొచ్చాయి. చదవడానికి వీలు కాలేదట. ఇంకొకసారి ఇవ్వమన్నారు.
"దేశంలో ఏ దొంగతనమైనా చేసి పారిపోవచ్చు నేను" అంది వదిన. అని, రేవు పని మానేసింది. ఆరు వారాలు చిప్ప ముట్టనంది. ఆ మాట అనడానికి ఆవిడకి ఎంత కష్టమయిందో నాకు తెలుసు, ఎందుకంటే ఈ ఉదయం కూడా నాలుగింటికే లేచి బూట్లు వేసుకుని, మళ్ళీ విప్పింది.

జూన్ 29
రోజూ సాయంత్రం వదిన చేతులకి కొబ్బరినూనె రాస్తున్నాను. గిన్నెలు ఇక నేనే తోముతానన్నాను. అలా ఆవిడకి చెప్పడం ఇదే మొదటిసారి. "సరే అత్తగారూ" అంది.

జూలై 12
కుడిచేతి చూపుడువేలు మీద గీతలు. సన్నగా, పసివాడి వేలి మీద ఉన్నట్టు. ఇద్దరం కిటికీ దగ్గర నిలబడి చాలాసేపు చూశాం.

ఆగస్టు 7
లైసెన్సు వచ్చింది. గ్రంథాలయంలో కాగితం మీద తీయించుకొచ్చింది. రెండేళ్ళకి. ఆ రెండేళ్ళలో ఇరవై నాలుగు గంటలు మళ్ళీ చదవాలి, లేకపోతే పోతుంది. చిరునామా మారినా చెప్పకపోతే పోతుంది. అబద్ధం రాస్తే పోతుంది. నష్టపోయినవాళ్ళ దగ్గర ఏమైనా పుచ్చుకుంటే పోతుంది. ఇవన్నీ వదిన చదివి వినిపించింది, వరం వినిపిస్తున్నట్టు.
ఫ్రేము కట్టించుదామన్నాను. "గోడకి తగిలించేది కాదు" అని ఇంటి కాగితాల సంచిలో పెట్టింది. కానీ పెట్టేముందు బియ్యం కొలిచే చోట నిలబడి మళ్ళీ ఒకసారి చదువుకుంది. నేను చూడనట్టు నటించాను.

ఆగస్టు 25
తుఫాను ఇటే వస్తోందట. ఆయన పడవని పైకి, నదిలోకి తీసుకెళ్ళారు. మేం పిల్లవాడితో లోపలి ఊరి బడికి వెళుతున్నాం.

ఆగస్టు 30
తిరిగొచ్చాం. మా ఇల్లు నిలిచింది. ఎత్తు కర్రల మీద ఉంది కాబట్టి నీళ్ళు కిందనే పోయాయి. వీధి అంతా బురద. ఇళ్ళ ముందు చెక్కల మీద అందరూ రంగుతో ఇంటి నంబరు, బీమా కంపెనీ పేరు రాస్తున్నారు.
వదినకి బీమా కంపెనీ నుంచి ఫోను వచ్చింది. పని ఇచ్చారు. మా వీధీ, పక్క వీధీ. మన మాట తెలిసినవాళ్ళు ఆవిడొక్కతే మరి.

సెప్టెంబరు 3
ఆరో మామ్మ ఇంట్లో కాస్త సాయం చేశాను. తొమ్మిదో తారీకు తాతయ్య, అంటే వాళ్ళాయన, తద్దినం. ఇల్లు శుభ్రంగా ఉండాలి కదా.

సెప్టెంబరు 5
మామ్మ గురించి రాయలేదు. మా ఇంటికి రెండిళ్ళ అవతల. వాళ్ళింట్లో ఆవిడ వరస ఆరు కాబట్టి వీధంతా ఆరో మామ్మే, అసలు పేరు నాకు తెలియదు. డెబ్బై నాలుగేళ్ళు. ఒక్కతే ఉంటుంది. కొడుకు తుయెన్‌కి హ్యూస్టన్‌లో పెద్ద ఉద్యోగం.
నాకు టోమ్ పుట్టినప్పుడు మా అమ్మ ఇక్కడ లేదు. మామ్మ నెలరోజులు పొద్దున్నే వచ్చింది. అల్లం వేసి మాంసం వండి పెట్టింది. చన్నీళ్ళు ముట్టనివ్వలేదు. పాలు పడక నేను ఏడుస్తుంటే నా వీపు మీద చెయ్యి వేసి కూర్చునేది.
అందుకే సాయం చేశాను. ఎవరైనా చేస్తారు.

సెప్టెంబరు 9
తద్దినం బాగా జరిగింది. పంతొమ్మిది మంది వచ్చారు. కప్పు మీద నీలం టార్పాలిన్, కింద విందు. ఇల్లు ఎంత శుభ్రంగా ఉందోనని అందరూ అన్నారు.

సెప్టెంబరు 12
వదిన ఈ రోజు మామ్మ ఇల్లు చూసింది. నేను పిల్లవాణ్ణి ఎత్తుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాను.
ఉదయం ఎండలోనే కప్పు ఎక్కింది. గంటన్నర. ఒక్కో పెంకునీ ముట్టుకుని చూసింది. పోయినవి, లేచినవి, మేకు ఊడినవి, అన్నీ సుద్దతో గుర్తు పెట్టి ఫోటోలు తీసింది. ఇంతకుముందు వచ్చినవాళ్ళు కింద నుంచి చూసి పోయేవాళ్ళట.
దిగాక మామ్మ టీ పోసింది, లీచీల్లాంటి లొంగన్ పళ్ళు పెట్టింది. వదిన ముట్టుకోలేదు. తన సీసాలో నీళ్ళు తాగింది.
"ఏమే థామ్, నా ఇంట నీళ్ళు కూడా పనికిరావా? నిన్ను జడలేసుకున్నప్పటి నుంచి ఎరుగుదును."
"పని మీద వచ్చాను మామ్మా. తాగకూడదు."
"విషం కలుపుతానా?"
"కలిపినా తాగకూడదు" అంది వదిన. మామ్మ నవ్వలేదు.
తరవాత గోడలు. లోపలి గోడల అడుగున పలకలు ఉబ్బాయి. వదిన వంగి, మోకాళ్ళ మీద కూర్చుని, చెయ్యి పెట్టి చూసింది. గోడ వాసన చూసింది.
"మామ్మా, నీళ్ళు లోపలికి వచ్చాయా?"
"పైనుంచి పడ్డాయి. కప్పు చూశావుగా."
"కింద నుంచి?"
"నేను ఊళ్ళో లేను. నాకేం తెలుసు."
వదిన నా వైపు చూడలేదు. చూసి ఉంటే ఏమయ్యేదో.

సెప్టెంబరు 13
ఈ రోజు వదిన పొడుగాటి పారదర్శకం పైపు కొనుక్కొచ్చి నీళ్ళు నింపింది. కనబడాలని అందులో కాస్త ఎర్రరంగు కలిపింది. పడవలు కట్టేవాళ్ళు ఇలాగే చేస్తారు. పైపు రెండు కొసలూ ఎంత దూరంలో పెట్టినా నీళ్ళు రెండు వైపులా ఒకే ఎత్తులో నిలుస్తాయి.
మామ్మ ఇంటి బయట, కంచె స్తంభం మీద సముద్రం వచ్చి నిలిచిన గోధుమరంగు గీత ఉంది. ఒక కొస అక్కడ నేను పట్టుకున్నాను. రెండో కొస కిటికీలోంచి లోపలికి తీసుకెళ్ళి వదిన గోడకి ఆనించింది. ఎర్రనీళ్ళు ఊగి ఊగి ఆగాయి. నేల నుంచి కొలిచింది.
"ఏడంగుళాలు" అని రాసుకుంది.
నా చేతిలో కొస జారింది. వదిన లోపలి నుంచి, "పైపు కదపకు పిల్లా" అని అరిచింది.

సెప్టెంబరు 14
ఇంటికొచ్చాక వదిన అన్నం కలుపుకుంటూ తనలో తను అనుకుంది: "మన వీధిలో చూసిన ప్రతి ఇంట్లో గోడ మీద గీత ఉంది. ఆ ఒక్క ఇంట్లో లేదు."
నేను చారు తేవడానికి లేచాను.

అక్టోబరు 3
మామ్మకి జవాబు వచ్చింది. కప్పుకి మొత్తం వచ్చింది, వదిన రాసిన ప్రతి పెంకుకీ. పడకగదిలో కప్పు కంతలోంచి తడిసిన చోటుకి వచ్చింది. గోడల అడుగుకీ నేలకీ రాలేదు. సముద్రం అని రాసింది వదిన.
మామ్మ వీధిలోకి వచ్చి మా ఇంటి వైపు చూసి లోపలికి వెళ్ళిపోయింది.

అక్టోబరు 6
చేపల దుకాణంలో ఇద్దరు ఆడవాళ్ళు నేను వినేలాగే మాట్లాడుకున్నారు.
"మన పిల్ల మన వీధికొస్తే మంచి జరుగుతుందనుకున్నాం."
"లైసెన్సు రాగానే వాళ్ళ మనిషి అయిపోయింది. ఆరో మామ్మ ఇంట టీ కూడా ముట్టలేదట."
"మా ఇంట్లోనూ అంతే. కానీ మా ఆయన మర్చిపోయిన గాలిపంకా కూడా తనే గుర్తుచేసి రాయించింది. ఏమో మరి."
ఈ మాట వదినకి చెప్పాలనుకున్నాను. గాలిపంకా మాట మాత్రం చెప్పాను.

అక్టోబరు 21
ప్రభుత్వం నుంచి ఉత్తరం. తుయెన్ వదిన మీద ఫిర్యాదు పెట్టాడు. గోడ మీద నీటి గీత లేదు, ఫోటోల్లోనూ లేదు, అయినా ఈ అడ్జస్టరు తోటకి నీళ్ళు పట్టే పైపుతో వరదని సృష్టించింది, డెబ్బై నాలుగేళ్ళ విధవకి అన్యాయం చేసింది, తప్పుడు రిపోర్టు రాసింది, లైసెన్సు రద్దు చెయ్యండి అని.
జవాబు ఇచ్చుకోవాలి. అది తేలేదాకా కంపెనీ కొత్త పని ఇవ్వదట.
వదిన రెండుసార్లు చదివింది. "బాగానే రాశాడు. ఇంగ్లీషు బాగుంది" అంది.

అక్టోబరు 22
నేను మామూలుగానే తుడిచాను. తద్దినానికి ఎవరైనా తుడుస్తారు.

అక్టోబరు 26
వదిన మళ్ళీ రేవుకి వెళుతోంది. నాలుగింటికి బూట్లు. చేతులు చూడాలంటే భయంగా ఉంది.

నవంబరు 2
ఇక్కడైనా రాస్తాను.
సెప్టెంబరు మూడున మామ్మ ఇంట్లో గోడల చుట్టూ గీత ఉంది. నా పిక్క మధ్యకి వచ్చేంత ఎత్తు. గోధుమరంగు, స్కేలు పెట్టి గీసినట్టు. మామ్మ వంగలేదు, నడుం. "ఈ మురికి చూస్తే మీ తాతయ్య గుమ్మం బయటే నిలబడిపోతాడు" అంది. నేను బ్లీచింగు నీళ్ళూ పీచూ తీసుకుని పొద్దున్న ఎనిమిది నుంచి రెండింటిదాకా తోమాను. గది గది తోమాను. మురికి పోయేకొద్దీ సంతోషంగా ఉంది. అదేదో ఋణం తీరుతున్నట్టు.
వదిన చీటీలు పట్టుకున్నది నేను. గాలిదా సముద్రానిదా అని నన్నే అడిగింది. అయినా తోముతున్నంతసేపూ నాకు ఆ గీత మురికిలాగే కనబడింది. మా వాళ్ళెవరికైనా అలాగే కనబడుతుంది. ఇంటికి పెద్దలు వస్తుంటే గోడ మీద మురికి ఉంచుతామా?
వదిన వచ్చిన రోజు మాత్రం తెలిసింది. అప్పుడు చెప్పి ఉండవలసింది.

నవంబరు 4
మామ్మ దగ్గరికి వెళ్ళాను. గోడలు అలాగే ఉన్నాయి, అడుగున నల్లగా బూజు. మామ్మ దగ్గుతోంది. పడకగది తలుపు ఉబ్బి మూసుకోవడం లేదు.
చెప్పేలోపే ఆవిడే అంది: "నువ్వు తోమావని ఎక్కడా అనకు పిల్లా. గీత లేకపోతే నీళ్ళు రానట్టేనట. తుయెన్ చెప్పాడు. గోడలకి డబ్బు రాకపోతే నన్ను హ్యూస్టన్ తీసుకుపోతాడు. అక్కడ పన్నెండో అంతస్తు. అక్కడ మీ తాతయ్యని, ఆయన పీఠాన్ని ఎక్కడ పెట్టుకోను?"
నారింజలు ఇచ్చి వచ్చేశాను.

నవంబరు 9
ఆయన వచ్చారు, నాలుగు రోజులకి. చెబుదామనుకున్నాను. అలసిపోయి ఉన్నారు.

నవంబరు 13
వదిన లైసెన్సు తీసి బల్ల మీద పెట్టి చూస్తోంది. ఇరవై నాలుగు గంటల్లో ఎనిమిది గంటలు అప్పుడే చదివేసింది. మిగతావి కూడా చదువుతున్నానంది.
"పోతుందేమో కదా వదినా, అయినా చదవాలా?"
"పోయేదాకా ఉన్నట్టే కదా. ఉన్నంతకాలం చెయ్యాల్సింది చెయ్యాలి."
తరవాత, ఎవరితోనో కాదు, కాగితంతో అన్నట్టు: "మా వీధి గురించి అబద్ధం రాసి మా వీధిని బాగుచెయ్యగలనా? వచ్చేసారి నేను నిజం రాసినా ఎవరు నమ్ముతారు?"
ఫిర్యాదు తేల్చడానికి హోల్కమ్ అనే ఆయన పద్దెనిమిదిన వస్తాడట. ముప్పై ఏళ్ళుగా అడ్జస్టరు. మామ్మ ఇల్లు మళ్ళీ చూస్తాడు. ఆయన ఏం రాస్తే అది.

నవంబరు 17
మామ్మ దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. ఈసారి నారింజలు తీసుకెళ్ళలేదు. గుమ్మంలో నిలబడే చెప్పేశాను, కూర్చుంటే చెప్పలేనని.
"మామ్మా, రేపు నేను చెప్పేస్తాను. నేను తోమానని."
మామ్మ చిక్కుళ్ళు ఒలుస్తోంది. ఆపలేదు.
"నెల రోజులు నీకు వండిపెట్టాను."
"పెట్టారు."
"ఇంకేమైనా ఉందా చెప్పడానికి?"
"లేదు మామ్మా."
"వెళ్ళు. తలుపు లాగకు, పడదు."
వదినకి ఇంకా చెప్పలేదు. మొదట ఆవిడకే చెప్పి ఉండాల్సింది. ఎందుకు చెప్పలేదో రాద్దామని చాలాసేపు కూర్చున్నాను. వదిన నన్ను తిట్టదు. అందుకే చెప్పలేదు.

నవంబరు 18
అంతా రాస్తాను, ఒక్క మాట పోకుండా.
హోల్కమ్ పొడుగాటి ముసలాయన. గుమ్మం దగ్గర చెప్పులు చూసి, ఎవరూ చెప్పకుండానే తన బూట్లు విప్పాడు. తుయెన్ హ్యూస్టన్ నుంచి వచ్చాడు, ఇస్త్రీ చొక్కా. వదిన ఒక మూల నిలబడింది, చేతులు వెనక్కి కట్టుకుని. మాట తర్జుమాకి ఎవరో ఒకావిడ ఫోనులో ఉంది. ఉత్తరాది యాస, అంటే పాత యుద్ధంలో మాకు అవతలి వైపువాళ్ళది. మామ్మ ఫోను వంక అనుమానంగా చూసి, "ఇది హనోయి వాళ్ళ మనిషా?" అంది. ఫోనులో ఆవిడ అది కూడా తర్జుమా చేసేసింది.
హోల్కమ్ గోడలన్నీ చూశాడు. పైపు గురించి వదినని అడిగాడు. వదిన చెప్పింది. ఆయన తల ఊపి, "పద్ధతి సరైనదే. కానీ కంచె దగ్గర నీళ్ళు నిలిచినంత ఎత్తుకి ఇంట్లోనూ నిలిచాయని పైపు చెప్పదు కదా. లోపల గుర్తు ఉండాలి" అన్నాడు.
"అదే నేను రాసింది" అన్నాడు తుయెన్.
అప్పుడు చెప్పాను.
గట్టిగా రాలేదు. ఫోనులో ఆవిడ, "మళ్ళీ చెప్పండమ్మా, వినబడలేదు" అంది. రెండోసారి చెప్పాల్సొచ్చింది. రెండోసారి ఇంకా కష్టం.
"గీత ఉంది. నేనే తోమేశాను. సెప్టెంబరు మూడున. తద్దినానికి. మా వదినకి తెలియదు."
వదిన చేతులు వెనక నుంచి ముందుకి వచ్చాయి. అంతే. నా వైపు చూసింది. ఆ చూపు ఇక్కడ రాయలేను.
తుయెన్ లేచాడు. "ఈవిడ అడ్జస్టరు మరదలు. ఇంట్లో కూర్చోబెట్టి నేర్పించి తెచ్చారు."
అది కూడా నిజంలాగే ఉంది. నా మొహం చూస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు.
హోల్కమ్ నన్ను ఒక్కటే అడిగాడు. "అన్ని గోడలూ తోమావా? తోమని చోటు ఏమైనా ఉందా?"
ఉంది. నాకు తెలుసు. మామ్మకీ తెలుసు. ముందుగది ఉత్తరపు గోడకి పెద్దల పీఠం ఉంది, నిలువెత్తు చెక్క బీరువాలాంటిది, తాతయ్య ఫోటో, కుండలో అగరొత్తులు. అడుగు నేల దాకా ఉంటుంది. ఆ రోజు నేను దాని అంచుల దాకా తోమి ఆగిపోయాను. పెద్దల్ని అడగకుండా పీఠం జరపకూడదు. అడగాల్సింది ఆ ఇంటివాళ్ళు, నేను కాదు.
నేల చూశాను. నేను తోమిన సంగతి నాది, చెప్పాను. ఆ పీఠం నాది కాదు.
ఫోనులో ఆవిడ, "అమ్మా, ప్రశ్న అర్థమయిందా?" అంది.
మామ్మ లేచింది.
"అమ్మా, కూర్చో" అన్నాడు తుయెన్.
"నువ్వు కూర్చో."
"అమ్మా, గోడలకి డబ్బు..."
"నీ కన్న తండ్రి ఎదుట నిలబడి డబ్బు మాట ఎత్తకు."
మూడు అగరొత్తులు వెలిగించింది. పీఠం ముందు నిలబడి, ఫోటోతో, పక్కింటాయనతో మాట్లాడినట్టే మాట్లాడింది.
"ఇదిగో, వింటున్నారా. కాస్త జరగాలి మీరు. మీ వెనక గోడ చూస్తారట. ఆ థామ్ పిల్ల, రేవు దగ్గర మీరు రొయ్యలు పంచిపెట్టిన పిల్ల, దాని కాగితం పోయేట్టుంది. మన కప్పెక్కి గంటన్నర ఎండలో మాడింది. మీరు బతికుండగా మీరే ఒక్కసారి ఎక్కలేదు. నేను అబద్ధం ఆడలేదు, ఊళ్ళో లేనన్నాను, అది నిజమే. కానీ వచ్చాక చూశాను. చూశానని చెప్పలేదు. తప్పు నాది, ఈ పిల్లది కాదు. జరగండి. మళ్ళీ ఇక్కడే పెడతాను."
ఫోనులో ఆవిడ తర్జుమా చెయ్యలేదు. చాలాసేపటికి, "ఆవిడ వాళ్ళాయనతో మాట్లాడుతున్నారు" అని మాత్రం ఇంగ్లీషులో అంది.
హోల్కమ్ టోపీ తీసేశాడు.
అగరొత్తులు సగం కాలేదాకా ఎవరూ కదల్లేదు. తరవాత తుయెనే ముందుకొచ్చి పీఠానికి ఒక వైపు పట్టాడు, వదిన రెండో వైపు. జరిపారు.
గోడ మీద బురద గీత. ఎవరూ ముట్టనిది. కొస నుంచి కొసకి.
హోల్కమ్ వంగి టేపు పెట్టాడు. ఆయన చదివేలోపే వదిన మోకాళ్ళ మీద కూర్చుని చదివేసింది. అంతవరకూ ఆవిడ ముఖంలో ఏ కదలికా లేదు. అప్పుడు మాత్రం వాడిపోయింది.
"ఏడుంపావు" అంది. "పావంగుళం తప్పు రాశాను."

నవంబరు 19
వదిన ఈ రోజు అన్నం దగ్గర అంది.
"రెండు నెలలు నా పక్కన కూర్చుని తిన్నావు."
"అవును."
"నా చేతులకి నూనె రాశావు."
"అవును వదినా."
"ఆ చేతులతోనే..." అని ఆగిపోయింది. చేప ముక్క తీసి నా గిన్నెలో వేసింది. మధ్య ముక్క. అయినా వదిన ఇంకా కోపంగానే ఉంది. ఉండాలి కూడా.

నవంబరు 30
మామ్మ ఇంట్లో గోడల పని మొదలైంది. తుయెన్ సెలవు పెట్టి వచ్చాడు. మా ఆయనా, పడవలవాళ్ళు నలుగురూ పాత పలకలు పీకేస్తున్నారు. తుయెన్‌కి మేకు కొట్టడం రాదు. మామ్మ కుర్చీ వేసుకుని కూర్చుని, "అంత చదివించాను, సుత్తి ఎటు పట్టుకోవాలో చెప్పలేదా బడిలో" అంటోంది. హ్యూస్టన్ మాట ఎవరూ ఎత్తలేదు.
నేను అన్నం తీసుకెళ్ళాను. మామ్మ గిన్నె అందుకుంది. నాతో మాట్లాడలేదు కానీ, పిల్లవాణ్ణి ఒళ్ళో పెట్టమంది.

డిసెంబరు 10
ప్రభుత్వం నుంచి ఉత్తరం. వదిన చదివి వినిపించింది. ఫిర్యాదు మూసేశారు. లైసెన్సు ఉంటుంది. 'ఇంటిలోపల ఏడంగుళాల వరకు వరద నీరు చేరినట్లు అడ్జస్టరు చేసిన నిర్ధారణ సరైనదే' అని రాశారు.
నాకు కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి. ఆయన ఫోను చేస్తే వదినే ఎత్తి, "ఉందిరా ఖియెమ్, ఉంది" అంది. టీ పెట్టి ఇచ్చాను. సగం తాగి, కంప్యూటరు తెరిచింది.
"ఏం రాస్తున్నారు వదినా?"
"ప్రభుత్వానికి."
"మూసేశారు కదా?"
"ఏడు అని రాశారు. ఏడుంపావు. నా తప్పు వాళ్ళ కాగితంలోకి వెళ్ళిపోయింది."
"పావంగుళానికి ఎవరు చూస్తారు? మళ్ళీ తెరిస్తే?"
"తెరవనీ" అంది, ఒక వేలుతో అక్షరాలు వెతుక్కుంటూ. "పావు ఇంగ్లీషులో ఎలా రాస్తారో ఆ చీటీల్లో ఉంటుంది, తీసివ్వు."